అతుకు పనిలో గుండుసూది

గుడ్డ ముక్కలను కలిపి దుప్పటిగానో బొంతగానో మలిచే అతుకు పనిలో గుండుసూదులు వాడాలా వద్దా అన్నది కుట్టేవారి అలవాటును బట్టి తేల్చదగిన ప్రశ్న కాదు. ముక్క దేనిని ఆధారం చేసుకుని నిలుస్తోంది, దాని అంచు ఎక్కడికి చేరాలి అన్న రెండు విషయాలను బట్టి తేలవలసిన ప్రశ్న. ఈ దృష్టితో చూస్తే అతుకు దుప్పట్లు ప్రధానంగా రెండు తీరులుగా కనిపిస్తాయి. పరిచిన పెద్ద గుడ్డ మీద ముక్కను పెట్టి, ముక్కనూ కింది పొరలనూ ఒకే కుట్టుతో కలిపేయడం మొదటిది. కింద ఆధారమేదీ లేకుండా అంచుకు అంచు కలుపుతూ ముందు పై పొరను సిద్ధం చేసుకుని, ఆ తరువాత దానికి దూదిపొరనూ అడుగు గుడ్డనూ జోడించడం రెండవది.

మొదటి తీరుకు ఉత్తమమైన ఉదాహరణ కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో సిద్దీ స్త్రీలు కుట్టే కవంది. శతాబ్దాల క్రితం ఆఫ్రికా నుంచి, ఎక్కువగా బానిసలుగా, పశ్చిమ తీరానికి చేరినవారి సంతతి సిద్దీలు. ఎల్లాపుర, హళియాళ, ముండగోడు ప్రాంతాల అడవి పల్లెల్లో వారి ఇళ్లున్నాయి. పాత నూలు చీరను అడుగు గుడ్డగా పరిచి, ఒక మూల నుంచి పని మొదలుపెట్టి, ముక్క పచ్చి అంచును, అంటే పోగులు ఊడే కోత అంచును, వేలితో లోపలికి మడిచి, దాని మీద సూదిని పైకీ కిందికీ వరసగా పోనిచ్చే సాదా కుట్టు వేస్తూ, నాలుగు అంచుల వెంట తిరిగి, చుట్టు మీద చుట్టుగా నడిమికి చేరుకుంటారు. మూలల్లో మడత పెట్టి కుట్టే ముక్కోణపు ముక్కలను ఫూల అంటారు, పువ్వులన్న మాట. అవి లేని కవందిని పూర్తి అయినట్టు లెక్కించరు.

ఈ పనిలో గుండుసూది కనిపించకపోవడానికి కారణం సూదుల కొరత కాదు, పని నడిచే క్రమం. బయటి నుంచి లోపలికి కుట్టుకుంటూ పోతున్నప్పుడు వదులుగా మిగిలిన గుడ్డ ఎప్పుడూ ఇంకా కుట్టని నడిమి భాగం వైపే జరుగుతుంది. పైగా అక్కడ పడబోయే ముక్క కొలత ముందే నిర్ణయమై ఉండదు కాబట్టి, మిగిలిన చోటుకు తగినట్టు దానిని మడుచుకునే వీలుంటుంది. ఒక అంచు మరొక అంచుతో ఫలానా బిందువు దగ్గరే కలిసి తీరాలన్న నియమం లేనప్పుడు, ఆ బిందువును పట్టి ఉంచే సూది అవసరం కూడా ఉండదు. తెలుగు ఇళ్లలో పాత నూలు చీరలనూ పంచెలనూ పొరలుగా పరిచి కుట్టే బొంతకు కూడా గుండుసూది అక్కరలేదు. ఉతికి ఉతికి గంజి పోయి మెత్తబడిన నూలుగుడ్డలో పైకి లేచిన సన్నని నూగు ఒక పొరను మరొక పొరకు అంటిపెడుతుంది. నేల మీద పరిచిన బొంతపై కుట్టే మనిషే కూర్చుంటే ఆ బరువుకు పొరలు కదలవు. నేల మీద సాగే పనిలో, పసిపిల్లలు పాకే చోట, ఇనుప సూదులను విడిగా గుచ్చి వదలకపోవడం క్షేమం కూడా.

రెండవ తీరులో పరిస్థితి పూర్తిగా వేరు. అమెరికాలో స్థిరపడిన అతుకు పద్ధతిలో ప్రతి కుట్టుకూ అంచు నుంచి అంగుళంలో నాలుగో వంతు గుడ్డను లోపలికి విడిచిపెడతారు. ఆ విడుపు అంగుళంలో ముప్పై రెండో వంతు ఎక్కువైతే, రెండు ముక్కల వైపూ కలిపి ఒక్కో కుట్టు దగ్గర పదహారో వంతు పోతుంది. వరసలో అలాంటి కుట్లు ఎనిమిది ఉంటే వరస అర అంగుళం కురచబడి, పక్క వరసతో చేరదు. కుట్టుమిషను స్వభావం ఈ చిక్కును పెంచుతుంది. సూది కింద ఉండే లోహపు పళ్లు అడుగు ముక్కను పట్టి ముందుకు జరుపుతాయి. పై ముక్కను మాత్రం మిషను పాదం అదిమి పెడుతుంది కాబట్టి అది కొద్దికొద్దిగా వెనకబడి, కుట్టు చివరికి వచ్చేసరికి కొంత పొడవు మిగిలిపోయినట్టు కనిపిస్తుంది.

అలాగని ప్రతి అంగుళానికీ ఒక సూది గుచ్చడం మందు కాదు. లావు సూది గుచ్చిన ప్రతి చోటా గుడ్డ కొంచెం లేస్తుంది, ఆ లేచిన మేర కుట్టు వంకర పోతుంది. నిటారు పోగు వెంట, అంటే పడుగు దిశలో, కత్తిరించిన చిన్న చతురస్రాలను కలపడానికి వేళ్ల పట్టే చాలు. నిజంగా సూది కావలసిన మొదటి చోటు కుట్టుకు కుట్టు ఎదురుపడే కూడలి. అక్కడ పై వరసలోని లోపలి మడతను ఒక వైపుకూ కింది వరసలోని మడతను దానికి ఎదురు వైపుకూ ఇస్త్రీ చేస్తే, రెండు మడతల గట్లు ఒకదానికొకటి ఆనుకుని కూర్చుంటాయి. ఆ ఆనికను వేలితో తడిమి చూసి, పక్కనే ఒక్క సన్నని గుండుసూది గుచ్చితే సరిపోతుంది, చేయి తిరిగినవారికి అదీ అక్కరలేకపోవచ్చు. రెండవది ఐమూలగా, దర్జీల మాటలో క్రాసుగా, కత్తిరించిన అంచు. పడుగు పేకలకు ఏటవాలుగా ఉండే ఈ అంచు వేలితో లాగితేనే సాగిపోతుంది కనుక లాగకుండా పరిచి, సూదులతో నిలిపి కుట్టాలి. వంపు అంచులకూ ఇదే వర్తిస్తుంది. మూడవది దుప్పటి చుట్టూ వేసే పొడవాటి అంచుపట్టీ. పట్టీనీ దుప్పటినీ సగానికీ పావుకూ మడిచి గుర్తులు పెట్టుకుని, ముందు నడుమా కొసల దగ్గరా, తరువాత పావుల దగ్గరా సూదులు గుచ్చితే, ఉన్న తేడా ఒక కొసకు పోగుపడకుండా పొడవంతా పరుచుకుంటుంది. స్వల్పంగా పొడవు ఎక్కువైన ముక్కను అడుగున, పళ్ల వైపు పెడితే ఆ మిగులును మిషనే సర్దుకుంటుంది.

గుచ్చేటప్పుడు సూదిని కుట్టు దారికి అడ్డంగా ఉంచి, మిషను సూది దగ్గరకు రాకముందే తీసివేయాలి. లోహం లోహాన్ని తాకితే మిషను సూది మొన చెడుతుంది లేదా విరిగి ముక్క కంటికి తగలవచ్చు. గుండుసూదులను తీయకుండా వాటి మీదుగా కుట్టేయడం వల్ల మిగిలే సమయమేమీ లేదు.

ఈ రెండు తీరుల నడుమ ఆంగ్లేయుల కాగితపు అతుకు పద్ధతి ఉంది. షట్కోణాలుగా కత్తిరించిన కాగితం మీదికి గుడ్డ అంచులను మడిచి, తరువాత ఊడదీయడానికి వీలైన పొడుగాటి పచ్చికుట్టుతో నిలిపి, అలా తయారైన షట్కోణాలను చేతితో అంచుకు అంచు కలుపుతారు. 1835లో ఫిలడెల్ఫియా పత్రిక గోడీస్ లేడీస్ బుక్ ఈ షట్కోణపు నమూనాను ప్రచురించింది. గుండుసూది చేసే పనిని ఇక్కడ కాగితమూ పచ్చికుట్టూ చేస్తాయి.

కొలత తప్పని కూడలులే అతుకు దుప్పటి విలువ అనుకోవడం మాత్రం సరికాదు. అలబామా రాష్ట్రంలోని గీస్ బెండ్ అనే పల్లెలో నల్లజాతి స్త్రీలు పాత పని దుస్తుల నుంచి కుట్టిన దుప్పట్లు 2002లో హ్యూస్టన్ లలితకళల మ్యూజియంలోనూ ఆ తరువాత న్యూయార్క్‌లోని విట్నీ మ్యూజియంలోనూ ప్రదర్శనకు నిలిచాయి. వాటి ఒరిగిన పట్టీలూ జరిగిన అంచులూ అనుకోకుండా జరిగిన లోపాలు కావు, రంగును బట్టి కన్ను తీసుకున్న నిర్ణయాలు. అక్కడ గీతకు గీత కలిపే సూది ఆ స్వేచ్ఛకు అడ్డే అవుతుంది.

నేటి బొంతకు వచ్చిన చిక్కు మరొకటి. ఇళ్లలో పాతబడుతున్న చీరల్లో పాలిస్టరు, జార్జెట్ ఎక్కువయ్యాయి. నూగు లేని ఆ జారుడు గుడ్డ ఎన్ని ఉతుకులైనా పొరను పట్టుకోదు, సూదులు గుచ్చినా వాటి నడుమ అలలా లేస్తుంది. వాటితో బొంత కుట్టదలచినవారు జారుడు పొరను రెండు నూలు పొరల నడుమ ఉంచి, బొంత నడిమి నుంచి అంచులకు జానెడేసి ఎడంతో పచ్చికుట్టు వేసుకుని, అసలు కుట్టు పూర్తయ్యాక దానిని లాగేయడం మేలు.