విష్ణుచిత్తుడి వంటిల్లు

తెలుగు భాష గొప్పదనం ఎత్తుకుంటే చాలు, శ్రీకృష్ణదేవరాయల పేరు వచ్చి తీరుతుంది. కృష్ణాతీరపు శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువు కలలో కనిపించి తెలుగులోనే కావ్యం చెప్పమన్న ఘట్టం వల్లించి, అక్కడితో ‘ఆముక్తమాల్యద’ను మూసేస్తాం. తీరా పుటలు తిప్పితే కథ నడిచేది తెలుగు నేల మీద కాదు. శ్రీవిల్లిపుత్తూరు, మధుర, శ్రీరంగం. నాయిక గోదాదేవి తమిళుల ఆండాళ్. ఆమె తండ్రి విష్ణుచిత్తుడు వారి పెరియాళ్వారు. తెలుగువాళ్ల గర్వానికి గుర్తుగా మిగిలిన కావ్యం అరవదేశపు ఇంట్లో కాపురం పెట్టిందన్నమాట. ఇందులో వింతేమీ లేదంటాను. తన సంస్కృతి మీద ధీమా ఉన్న కవి దాన్ని అస్తమానం పొగుడుతూ కూర్చోడు. పరాయి ఊరి వాకిట్లో నిలబడి కూడా తన నుడితోనే చూస్తాడు.

ఆ చూపు ఎంత దగ్గరగా పోతుందో మొదటి ఆశ్వాసంలోనే తెలుస్తుంది. విష్ణుచిత్తుడి నిత్యవ్రతం వైష్ణవ అతిథులకు అన్నం పెట్టడం. ఏ కాలంలో ఏం పెట్టేవాడో రాయలు మూడు పద్యాల్లో చెప్పాడు. వానాకాలపు పద్యం చూడండి. విడవని ముసురు. ఆ ఇంటి ఇల్లాలు కళ్లలోకి పొగ పోకుండా పొయ్యిలో కొబ్బరిచిప్పలు పెట్టి వండుతుంది. వరి అన్నం, పొట్టు తీసిన పప్పు, నాలుగైదు పోపు కూరలు, వడియాలు, వరుగులు, పెరుగు, ధారాళంగా నెయ్యి. 1514లో ఉదయగిరినీ మరుసటి ఏడు కొండవీటినీ పట్టుకున్న చక్రవర్తికి వంట చేసే ఆడమనిషి కళ్లు మండుతాయన్న సంగతి ఎలా తట్టిందో! ఇక ఆ వడియాలూ వరుగులూ ఉన్నాయే, అవి ఊరికే విస్తరి నింపడానికి రాలేదు. ఎండల్లో మేడ మీదో, వాకిట్లోనో ఎండబెట్టి దాచుకున్నవి వానల్లో బయటికి వస్తాయి. పద్యంలో కనిపించని వేసవి పనంతా ఆ విస్తట్లో ఉంది.

వేసవి భోజనానికి ముందు ఒంటికి చందనం. తర్వాత నులివెచ్చని తెల్లటి అన్నం, తియ్యని చారు, పలుచని అంబలి, చెరకురసం, కొబ్బరినీళ్లు, పళ్లు, ఊరవేసిన పిందెలు, నీరుమజ్జిగ. చలికాలం వచ్చేసరికి వరస మొత్తం మారిపోతుంది: పునుగు వాసన వేసే కొత్తబియ్యపు అన్నం, మిరియాలు పట్టించి చుర్రుమంటున్న కూరలు, నషాళానికి అంటే ఆవ పచ్చడి, చెయ్యి కాలేంత వేడి నెయ్యి. మిరపకాయ జాడ లేదు. పోర్చుగీసువాళ్ల ఓడల్లో వచ్చిన ఆ కాయ లేకుండా తెలుగు భోజనాన్ని ఊహించలేని మనకు ఈ విస్తరి కొంచెం కొత్తగానూ, బాగా తెలిసినట్టూ ఉంటుంది. రాయల శైలిని పండితులు నారికేళపాకం అంటారు, పగలగొడితే తప్ప లోపలి రసం అందదని. నిజమే, వ్యాఖ్యానం పక్కన లేకపోతే నాకూ కొన్ని పద్యాలు కొరుకుడు పడవు. కానీ ఈ మూడింటికీ ఆకలి ఉంటే చాలు.

ఇలాంటి పద్యమే ఇంకొకటి ఉంది, మత్తేభ వృత్తంలో. శ్రీవిల్లిపుత్తూరు పొలాల కాలువల్లో బాతులు రెక్కల్లో తల దూర్చి నిద్రపోతున్నాయి. తెల్లవారుజామున స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు పిండి మరిచిపోయిన బట్టలనుకుని, వాళ్ల ఇళ్లకు చేరుద్దామని తలారులు రేవులోకి దిగుతారు. ‘బట్టలు’ లేచి పరుగెత్తుతాయి. వరిచేలకు కావలి కాస్తున్న ఆడవాళ్లు పక్కున నవ్వుతారు. పద్యం నడక గమనించాలి: మధ్యలో పొడుగాటి సంస్కృత సమాసం వచ్చి మనల్ని కూడా కాసేపు ఆ పొరపాటులోనే ఉంచుతుంది, చివర నవ్వు వినబడేదాకా తలారుల పక్కనే నిలబడతాం. ఊరి శుభ్రత, కావలివాళ్ల నిజాయితీ, నీటి వసతి, ఆడవాళ్ల చొరవ, ఇవన్నీ పొగడ్త మాట లేకుండా నాలుగు పాదాల్లో ఇమిడాయి. ఊరి వైభవాన్ని వర్ణించమంటే మేడలూ గోపురాలూ లెక్కపెట్టే ప్రబంధకవుల్లో ఈయన వేరు.

నాలుగో ఆశ్వాసంలో మళ్లీ వాన పడుతుంది. ఈసారి విష్ణుచిత్తుడి ఇల్లు కాదు, మామూలు గృహస్థుల ఇళ్లు. ఇల్లిల్లూ తిరిగితే గాని కాస్త నిప్పు దొరకదు. దొరికినా రాజుకోదు. రాజుకున్నా వంట తెమలదు. ఒక్కో ఇబ్బంది వెనకే ఇంకొకటి తగులుకుని, పద్యమే నిప్పు వెతికే ఇల్లాలితోపాటు గడపగడపకూ తిరుగుతున్నట్టు సాగుతుంది. కొబ్బరిచిప్పలు అందరి ఇళ్లలోనూ ఉండవని కూడా రాయలకు తెలుసు.