నాడి పట్టుకున్న డాక్టరు, నెల తప్పిన అమ్మాయి

మన సినిమాల్లో ఈ సీను ఎన్నిసార్లు చూశామో లెక్కలేదు. కోడలు కాఫీ ట్రే పట్టుకొస్తూ కళ్ళు తిరిగి పడిపోతుంది. డాక్టరుగారు బ్యాగుతో ఇంటికే వస్తారు. మణికట్టు పట్టుకుని రెండు క్షణాలు చూసి, భర్త వైపు తిరిగి నవ్వుతారు. "కంగ్రాట్స్, మీరు తండ్రి కాబోతున్నారు!" అత్తగారు స్వీట్లు తెమ్మంటుంది. మంచం మీదున్న అమ్మాయి సిగ్గుపడుతుంది. ఆమె కడుపులో సంగతి ఆ గదిలో అందరికన్నా చివర తెలిసేది ఆమెకే.

దీన్ని వెక్కిరించి వదిలేయడం తేలిక. నేనూ చాలాకాలం అదే చేశాను. గర్భం వస్తే నాడి కాస్త వేగంగా కొట్టుకోవచ్చు. జ్వరానికీ, భయానికీ, నాలుగు మెట్లెక్కినా కూడా అలాగే కొట్టుకుంటుంది. అది పట్టుకుని ఎవరూ ఏమీ తేల్చలేరు. అయితే ఆ సీను వల్ల జరిగే నష్టం ఇంతకన్నా పెద్దదని నాకు హాస్టల్లో తెలిసొచ్చింది.

మా రూమ్మేటుకి నెలసరి పది రోజులు ఆలస్యమైంది. నలుగురం మంచమ్మీద కూర్చుని విచారణ మొదలెట్టాం. వాంతులవుతున్నాయా? లేదు. కళ్ళు తిరిగాయా? లేదు. మామిడికాయ తినాలనిపిస్తోందా? లేదు. "అయితే అది కాదులేవే, వేడి చేసుంటుంది, మజ్జిగ తాగు" అని తీర్పిచ్చేశాం. తర్వాత కొద్దిగా రక్తం కనబడితే, వచ్చేసిందని అందరం ఊపిరి పీల్చుకున్నాం. ఇంకో వారానికి పొత్తికడుపులో ఒక పక్క నొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాం. గర్భం ట్యూబులో నిలిచిందట. ఆపరేషన్ చేసి ఆ ట్యూబు తీసేశారు. పిల్ల బతికింది. మేమంతా డిగ్రీ చదువుతున్నవాళ్ళం. మా దగ్గరున్న లక్షణాల జాబితా మాత్రం మొత్తం సినిమాలోదే.

ఆ జాబితాని ఇప్పుడు చూస్తే ఒకటి అర్థమవుతుంది. వాంతి, కళ్ళు తిరగడం, మామిడికాయ, ఇవన్నీ బయటివాళ్ళకి కనబడేవి, కెమెరాకి దొరికేవి. నెలసరి రాకపోవడం, రొమ్ములు బరువెక్కి నొప్పిగా ఉండటం, ఊరికే అలసిపోవడం, మాటిమాటికీ మూత్రానికి వెళ్ళాల్సి రావడం, ఇవి ఆమెకి మాత్రమే తెలిసేవి. వికారం చాలామందిలో ఆరో వారం దగ్గర మొదలవుతుంది, కొందరికి అసలు రానే రాదు. మొదట తెలిసేవి వదిలేసి, అందరికీ కనబడేవే సినిమా ఏరుకుంది. దాంతో, చెప్పగలిగిన మనిషి నోరు మూతపడింది.

మన భాష ఇలా లేదు. "నెల తప్పింది" అనేది ఎంత కచ్చితమైన మాట! తేదీలు గుర్తుపెట్టుకున్న ఆడమనిషి మాత్రమే అనగలిగిన మాట. వేవిళ్ళకి వేరే పేరుంది. "నీళ్ళోసుకుంది" అన్నా గర్భమనే అర్థం. కానీ ఈ మాటలన్నీ పెళ్ళయినవాళ్ళకే. "ఏమన్నా విశేషమా?" అని కోడల్ని అడుగుతారు. అదే సంగతి పెళ్ళికాని పిల్లదైతే "కడుపు తెచ్చుకుంది", "కాలు జారింది" అంటారు. మా రూమ్మేటుకి పనికొచ్చే మాట ఒక్కటీ లేదు. అందుకే మేమూ చివరిదాకా "అది" అనే అన్నాం.

సాహిత్యం కొంత పూడ్చింది. కొండేపూడి నిర్మల "లేబర్ రూమ్" రాశారు, పాటిబండ్ల రజని "అబార్షన్ స్టేట్‌మెంట్" రాశారు. స్త్రీవాద కవిత్వంలో శరీరం గురించి రాసినందుకు నానా మాటలూ పడ్డారు. నా ఫిర్యాదు చిన్నది: ప్రసవం కవిత్వంలోకి వచ్చింది, అబార్షన్ వచ్చింది, ఏ సంగతీ తేలని ఆ మొదటి వారాలు మాత్రం ఇంకా సరిగ్గా రాలేదు. ఇందుకు నేను మెచ్చుకునే శీర్షిక కవిత్వంలో లేదు. స్త్రీశక్తి సంఘటన 1991లో తెచ్చిన ఆరోగ్య పుస్తకానికి ఉంది: "సవాలక్ష సందేహాలు". సందేహపడే హక్కు ఆడవాళ్ళదే అని ఆ పేరే చెబుతోంది.

ఆ సందేహాలు గర్భంతో ఆగవు. తెల్లబట్ట అయితే ఎముకలు కరిగిపోతున్నాయని భయపెట్టడం నేను విన్నాను. కొంత తెలుపు కావడం సహజం. దురద, దుర్వాసన, పసుపో ఆకుపచ్చో రంగు ఉంటే, పొత్తికడుపు నొప్పి ఉంటే చూపించుకోవాలి. మంటకీ దురదకీ అన్నిటికీ "వేడి చేసింది" అనేస్తాం. క్లామిడియా లాంటి ఇన్‌ఫెక్షన్ ఏ లక్షణమూ లేకుండానే ట్యూబుల్ని దెబ్బతీయగలదు. అలా దెబ్బతిన్న ట్యూబులో గర్భం చిక్కుకునే ప్రమాదం ఎక్కువ. అంటే మజ్జిగతో సరిపెట్టిన ఆ సందేహాలూ, ఆటోలో ఆ పరుగూ ఒకే కథలోవి కావచ్చు.

ఆ రోజు మాకు తెలియాల్సింది ఎంతో లేదు. తేదీ దాటితే మందుల షాపులో దొరికే స్ట్రిప్‌తో, పొద్దున్నే మొదటి మూత్రంతో చూసుకోవడం. లేదని వచ్చి నెలసరి ఇంకా రాకపోతే వారానికి మళ్ళీ చూసుకోవడం. కనబడ్డ రక్తమంతా నెలసరి కాదని, ఒక పక్క నొప్పి, భుజం నొప్పి, కళ్ళు తిరగడం తోడైతే ఒక్క గంట కూడా ఆగకూడదని గుర్తుంచుకోవడం.

ఆలస్యానికి ఇంకో ఖరీదూ ఉంది. వారాల లెక్క చివరి నెలసరి మొదటి రోజు నుంచి మొదలవుతుంది కాబట్టి, నెల తప్పేసరికే నాలుగు వారాలు అయిపోతాయి. మాత్రలతో గర్భస్రావానికి మన దేశంలో గడువు తొమ్మిది వారాలు, అదీ డాక్టరు పర్యవేక్షణలో. 2021 సవరణ తర్వాత చట్టం 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో, కొన్ని పరిస్థితుల్లో 24 దాకా ఇద్దరి అభిప్రాయంతో అనుమతిస్తోంది. పెళ్ళికాని స్త్రీలని ఇందులోంచి తప్పించకూడదని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. కోర్టు దాకా వచ్చిన ఈ మాట మన కథల్లోకి, మన సీన్లలోకి ఇంకా రావాలి.

ఆపరేషన్ జరిగిన రాత్రి డ్యూటీ డాక్టరు మా రూమ్మేటు నాడి చూశాక మొదట అడిగింది ఒకటే: "చివరిసారి నెలసరి ఎప్పుడొచ్చిందమ్మా?" నొప్పిలోనూ అది తేదీతో సహా చెప్పింది. మన సినిమా డాక్టరు ఈ ప్రశ్న అడగ్గా నేనింతవరకూ వినలేదు. అడిగితే, మంచమ్మీదున్న అమ్మాయి మాట్లాడాల్సి వస్తుంది మరి.