కెఫీన్ లేని కప్పుకు రుచే ఆధారం

కాఫీ మీదా టీ మీదా మనకున్న ఇష్టం రుచి వల్లే పుట్టిందని చాలామంది నమ్ముతారు. అందులో కెఫీన్ వాటా ఎంతో తేల్చడానికి 1998లో మార్టిన్ యోమన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఒక అధ్యయనం ప్రచురించారు. అంతకు ముందు ఎరగని రుచుల పానీయాలను కొందరికి కెఫీన్ కలిపి, కొందరికి కలపకుండా ఇచ్చి చూశారు. కెఫీన్ అలవాటుండి, రాత్రంతా అది అందనివాళ్లకు కెఫీన్ కలిసిన రుచి రానురాను ఎక్కువగా నచ్చసాగింది. 2013లో జెరాల్డిన్ రైట్ బృందం ‘సైన్స్’ పత్రికలో ఇలాంటి సంగతే తేనెటీగల విషయంలో రాసింది. కాఫీ పూలలో, నిమ్మజాతి పూలలో ఉండే కొద్దిపాటి కెఫీన్ తేనెటీగలకు ఆ పూల వాసనను ఎక్కువ కాలం గుర్తుండేలా చేస్తుందట. అంటే నాలుక వేసిన మార్కులకు కెఫీన్ తన మార్కులు కూడా కలుపుతుంది. బాగా మరిగి చేదెక్కిన టీని సైతం మనం రోజూ తాగేస్తున్నామంటే ఆ అదనపు మార్కుల పుణ్యమే. పుదీనా, అల్లం, చామంతి, గోంగూర పూలు, నిమ్మగడ్డి లాంటి వాటితో చేసుకునే పానీయాలకు ఈ అండ లేదు. అవి రుచి మీదే నిలబడాలి. కాబట్టి మామూలు టీ కంటే వాటిని కాచడంలోనూ, రుచి చూడడంలోనూ ఎక్కువ శ్రద్ధ పెట్టాలన్నది నా వాదన.

మన ఇళ్లలో జరిగేది దీనికి పూర్తిగా ఎదురు. కెఫీన్ అండ లేని ఈ పానీయాలకు మనం ‘ఆరోగ్యం’ అనే మరో అండ తగిలించాం. 2020లో కరోనా రోజుల్లో ఆయుష్ మంత్రిత్వ శాఖ తులసి, దాల్చినచెక్క, సొంఠి, మిరియాలతో కషాయం తాగమని సూచించింది. ఇంటింటా కాచారు, పిల్లల చేత బలవంతాన తాగించారు. ఆ భయం తగ్గగానే చాలా ఇళ్లలో ఆ గిన్నె మళ్లీ పొయ్యెక్కలేదు. తాగినన్నాళ్లూ అది బాగుందా అని ఎవరూ అడగలేదు, పనిచేస్తుందా అనే అడిగారు. మందుకు ఆ ప్రశ్నే సరైనది. రోజూ ఇష్టంగా తాగాల్సిన పానీయానికి అది చాలదు. మందనుకుంటే ఘాటు ఎంత ఉంటే అంత గుణమనుకుంటాం, మరిగించిన కొద్దీ మంచిదనుకుంటాం, చేదు తగిలితే సంతోషిస్తాం. ఆ మూడు అలవాట్లూ రుచిని చంపేవే. అలా పాడైన పానీయాన్ని ఒకసారి తాగినవాళ్లు మూలికల టీ అంటే ఇంతేనని తీర్మానించుకుంటారు.

అన్నింటినీ ఒకే తీరున మరిగించమని మన వైద్య గ్రంథాలు కూడా చెప్పలేదు. ఆయుర్వేదంలో పంచవిధ కషాయ కల్పనలని అయిదు పద్ధతులున్నాయి. పచ్చి ఆకు పిండి తీసేది స్వరసం, ముద్దగా నూరేది కల్కం, నీళ్లు బాగా ఇగిరేదాకా కాచేది క్వాథం, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టేది హిమం, వేడినీళ్లు పోసి కాసేపు ఉంచి వడకట్టేది ఫాంటం. మనం వాడుకలో క్వాథాన్నే కషాయం అనేసి, మిగిలిన నాలుగింటినీ మర్చిపోయాం. ఈ తేడాల వెనక రసాయన శాస్త్రం ఉంది. తులసికి ఆ వాసన ఇచ్చే వాటిలో ముఖ్యమైన యూజినాల్, నిమ్మగడ్డికి నిమ్మ వాసన తెచ్చే సిట్రాల్, పుదీనాలోని మెంథాల్, ఇవన్నీ ఆవిరితో పాటే ఎగిరిపోయే స్వభావం గలవి. తులసి కాస్తుంటే ఇల్లంతా ఘుమఘుమలాడుతోందని మురిసిపోతాం గానీ, ఆ ఘుమఘుమంతా కప్పులోకి రావాల్సింది. వేళ్లు, బెరళ్లు, గింజలు గట్టివి కాబట్టి వాటిని మరిగించక తప్పదు. ఆకులకూ పూలకూ మాత్రం తెర్లిన నీళ్లు పోసి, వెంటనే మూతపెట్టి, అయిదారు నిమిషాలు వదిలేస్తే చాలు. మూత తీశాక దాని లోపలి వైపు పట్టిన నీటి బొట్లను కూడా కప్పులోకే జారనివ్వాలి. వాసనలో కొంత అక్కడే ఉంటుంది.

గోంగూరనే దగ్గర నుంచి చూద్దాం. హైబిస్కస్ టీ పేరుతో అందమైన డబ్బాల్లో అమ్మేది ఎక్కడిదో కాదు, మన పుంటికూర జాతి మొక్కదే. పువ్వు వాడిపోయాక కాయను చుట్టుకుని ఎర్రగా కండపట్టే రక్షక పత్రాలను ఎండబెడితే ఆ టీ అవుతుంది. ఈజిప్టు, సూడాన్‌లలో కర్కడే అని, సెనెగల్‌లో బిసాప్ అని, మెక్సికోలో హమైకా అని ఇది ఇంటింటి పానీయం. మనం మాత్రం ఆకును నెత్తిన పెట్టుకుని ఈ ఎర్ర రేకులను దాదాపు వదిలేశాం. నాలుగు ఎండు రేకుల మీద వేడినీళ్లు పోయండి. నిమిషంలోపే ఎరుపు దిగడం మొదలవుతుంది. అయిదు నిమిషాలకు పులుపు ముందుకొస్తుంది. ఇంకా వదిలేస్తే వెనకాలే వగరు వచ్చి నాలుక అంచులను పట్టేస్తుంది. అవే రేకులను రాత్రి చన్నీళ్లలో వేసి పొద్దున వడకడితే పులుపు మెత్తబడి, వగరు తగ్గి, పండు వాసన పైకి తేలుతుంది. రేకులు అవే, నీళ్లూ అవే, రుచులు మాత్రం రెండు. పుల్లటిది కాబట్టి అల్యూమినియం గిన్నె, కళాయి లేని ఇత్తడి గిన్నె దీనికి పనికిరావు. గాజుదో స్టీలుదో వాడాలి. ఈ కాస్త తెలిస్తే చాలు, ఇది బలవంతాన తాగే పానీయం కాదని తేలిపోతుంది.

రుచి చూడడానికి కూడా ఒక క్రమం ఉంది. టీ రుచిచూసే నిపుణులకు ఐఎస్ఓ 3103 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. 100 మిల్లీలీటర్లకు 2 గ్రాముల ఆకు, మరిగిన నీళ్లు, మూత ఉన్న పాత్ర, 6 నిమిషాలు. రుచికరమైన టీ చేయడం దాని ఉద్దేశం కాదు, ఒకదానితో మరొకదాన్ని న్యాయంగా పోల్చడం. మూలికలకూ ఇదే కొలత పెట్టుకుని మొదటి కప్పులో చక్కెర, తేనె, నిమ్మరసం ఏవీ వేయకుండా చూడాలి. ముందు వాసన, తర్వాత గాలితో కలిపి జుర్రుకున్న గుక్క, మింగాక ముక్కు వెనక తేలే వాసన, చివర నోట్లో మిగిలేది. పేర్లు పెట్టడానికి తీపి, పులుపు, ఉప్పు, కారం, చేదు, వగరు అనే లెక్క మనకు చిన్నప్పటి నుంచి వచ్చిందే. నిజానికి నాలుక మీది రుచి మొగ్గలు పట్టేది వీటన్నిటినీ కాదు. అల్లం మంట, పుదీనా చల్లదనం వేడినీ చలినీ పసిగట్టే నాడుల పని. ఆ నాడుల్లోని గ్రాహకాలను కనిపెట్టిన పరిశోధనకే డేవిడ్ జూలియస్‌కు 2021లో నోబెల్ వచ్చింది. వాటిని వెతకడానికి వాడినవి మిరప ఘాటు, మెంథాలే. పచ్చి అల్లం, సొంఠి పక్కపక్కన కాచి చూస్తే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. ఎండే క్రమంలో అల్లంలోని జింజెరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది, దాని ఘాటు ఎక్కువ. అందుకే అల్లం కప్పులో నిమ్మను తలపించే తాజాదనం ఉంటే, సొంఠి కప్పులో గొంతు దాకా దిగే వేడి ఉంటుంది. ఒకటి అయిపోతే ఇంకొకటి వేసుకునేంత దగ్గరి చుట్టాలు కావవి.

ఇక అభ్యంతరాలు. మూలికల టీ చప్పగా, పలచగా ఉంటుందనీ, పాలు పోస్తే విరిగిపోతుందనీ అంటారు. పుల్లటి వాటిలో పాలు విరగడం నిజమే, కానీ ఈ మాటలు అన్నింటికీ వర్తించవు. దక్షిణాఫ్రికాలోని సెడర్‌బర్గ్ కొండల్లో పెరిగే రూయిబోస్ చిక్కుడు కుటుంబపు పొద. దాని ఆకులను తరిగి, నలిపి, గాలికి పులియనిస్తే ఎర్రబారుతాయి. టానిన్లు తక్కువ కావడంతో ఎంతసేపు కాచినా చేదెక్కదు, పాలతోనూ చక్కగా కలుస్తుంది. దీన్ని మొదట గుర్తించిన ఖోయి, సాన్ ప్రజలకు లాభంలో వాటా ఇచ్చే ఒప్పందం 2019లో కుదిరింది. 2021లో యూరోపియన్ యూనియన్ ఆ పేరుకు ప్రాంతీయ రక్షణ కల్పించింది. రుచికి విలువ కట్టినప్పుడే ఒక మొక్కకు ఇంత గౌరవం దక్కుతుంది. కాఫీలోని మాడు వాసన కావాలనేవాళ్లకు కొరియా, జపాన్‌లలో తాగే వేయించిన బార్లీ టీ ఉంది. మన ఫిల్టర్ కాఫీలో సగం మందికి తెలియకుండానే ఇష్టమైన చికోరీ ఉంది, దానిలోనూ కెఫీన్ లేదు. దోరగా వేయించి దంచిన ధనియాలు, కాస్త బెల్లం, పాలు కలిపితే వచ్చే కప్పును చప్పనిదని ఎవరూ అనలేరు.

ఉత్సాహమే ఇవ్వనప్పుడు తాగడం ఎందుకని ఇంకో ప్రశ్న. ఉత్సాహం కావాల్సిన పూట కాఫీయే తాగండి, దానికి పోటీగా వీటిని నిలబెట్టడం లేదు. అయితే ఆరోగ్యవంతుడైన పెద్దవాడి ఒంట్లో కెఫీన్ సగానికి తగ్గడానికి సుమారు 5 గంటలు పడుతుంది. సాయంత్రం 5 గంటలకు తాగిన కాఫీ ప్రభావం రాత్రి 10 గంటలకు కూడా కొంత మిగిలే ఉంటుంది. నిద్ర పట్టనివాళ్లు, గర్భిణులు, పిల్లలు ఆ పూట ఏం తాగాలి? వేడిగా, వాసనగా, నలుగురూ కూర్చుని తాగేది ఏదైనా ఉండాలి కదా. అదంతా పట్నం ఫ్యాషన్, డబ్బు దండగ అనేవాళ్ల మాటలో కొంత నిజం ఉంది. నీలం రంగు కోసం శంఖుపువ్వును ఎక్కువ ధరకు కొంటున్నారు. రంగు అద్భుతమే గానీ రుచి అంతంతమాత్రం. కానీ వాము, సోంపు, ధనియాలు, సొంఠి పోపుల డబ్బా పక్కనే ఉన్నాయి. రాయలసీమలో నన్నారి షర్బత్‌గా తాగే సుగంధి వేరుది వెనిల్లాను తలపించే వాసన. ఆ వాసన పదార్థం వెనిలిన్‌కు నిర్మాణంలో చాలా దగ్గరిది. ఫ్యాషన్ మీద కోపం వీటి మీద చూపడం న్యాయం కాదు. డబ్బా కొనేవాళ్లు మాత్రం లేబుల్ చదవాలి. గ్రీన్ టీ కలిసినా, యెర్బా మాటే కలిసినా కెఫీన్ ఉన్నట్టే.

అన్నిటికన్నా బరువైన అభ్యంతరం వైద్యులది. సహజమైనవి కదా అని ఎంతైనా తాగొచ్చనుకోవడం ప్రమాదం. అతిమధురం రోజుల తరబడి ఎక్కువగా తాగితే రక్తపోటు పెరగవచ్చు, ఒంట్లో పొటాషియం పడిపోవచ్చు. సునాముఖి విరేచనకారి. బరువు తగ్గించే టీ అన్న పేరు చూసి రోజూ తాగేది కాదు. మందులు వాడేవాళ్లు, గర్భిణులు కొత్త మూలిక మొదలుపెట్టే ముందు డాక్టరును అడగాలి. ఈ హెచ్చరిక నా వాదనను బలపరిచేదే. గుణం కోసం తాగేవాళ్లు మోతాదు పెంచుతారు, నచ్చకపోయినా మానరు. రుచి కోసం తాగేవాళ్లు రోజుకొకటి మారుస్తారు, ఒక కప్పుతో తృప్తి పడతారు, ఘాటెక్కితే పక్కన పెట్టేస్తారు. ఎక్కడ ఆగాలో చెప్పడంలో నాలుక చాలాసార్లు ప్రచారం కన్నా నమ్మకస్తురాలు.

కాబట్టి వీటికి ఒకే పరీక్ష పెట్టుకోవాలి. దాని గుణాల గురించి ఒక్క మాట కూడా చెప్పకుండా ఎవరికైనా ఇస్తే, వాళ్లు రెండో కప్పు అడుగుతారా? అడగకపోతే ఆకు పాతదో, నీళ్లు ఎక్కువో, మూత పెట్టలేదో, ఎక్కువసేపు మరిగిందో చూసి మళ్లీ కాయాలి. అయినా నచ్చకపోతే ఆ మూలికను మందుల అరలోనే ఉంచాలి. నచ్చినదాన్ని మాత్రం వంటింట్లో టీపొడి పక్కన పెట్టాలి. ఇంటికొచ్చిన చుట్టాన్ని కాఫీనా, టీనా అని అడిగే చోట మూడో పేరు కూడా ధైర్యంగా కలపాలి. జబ్బు చేసినప్పుడే గుర్తొచ్చే వస్తువుగా దాన్ని ఉంచేస్తే ఆ రుచిని మన చేతులతో మనమే పోగొట్టుకున్నవాళ్లమవుతాం.