కొండ అడ్డొస్తే ఆకాశం ఉంది

2015 ఏప్రిల్ 25, శనివారం. మధ్యాహ్నం పన్నెండు కావడానికి ఇంకా నాలుగు నిమిషాలున్నాయి. నేపాల్‌లోని గోర్ఖా జిల్లా బార్‌పాక్ దగ్గర 7.8 తీవ్రతతో భూమి కంపించింది. దాదాపు తొమ్మిది వేల ప్రాణాలు పోయాయి. లాంగ్‌టాంగ్ ఊరైతే పైనుంచి విరిగిపడ్డ మంచూ రాళ్ల కింద కనుమరుగైంది. కరెంటు పోయింది, ఫోన్లు మొరాయించాయి, దారులు మూసుకుపోయాయి. అలాంటి సమయంలో ఖాట్మండు నుంచి సతీశ్ ఖరేల్ అనే న్యాయవాది 9ఎన్1ఏఏ అనే తన కాల్‌సైన్‌తో ఇరవై మీటర్ల రేడియో బ్యాండ్ మీద పలికారు. ఇవతల గ్వాలియర్‌లో జయు భిడే, వీయూ2జేఏయూ, ఆ గొంతును అందుకున్నారు. అప్పటికి నేపాల్‌లో హామ్ లైసెన్సు, అంటే అమెచ్యూర్ రేడియో లైసెన్సు, ఉన్నవాళ్లు వందమంది కూడా లేరని వార్తల్లో వచ్చింది. ఆ గుప్పెడు మందే దేశం బయటికి మాట దాటించగలిగారంటే అందులో రేడియో పెట్టె గొప్పతనం కొంతే. మిగతాదంతా నేర్పు. హామ్ రేడియోను కాలక్షేపమని, పాతకాలపు సరదా అని తీసిపారేసేవాళ్లకు ఈ నేర్పు ఎంత విలువైనదో తెలియదు. కొండల్లో ఆపద వచ్చినప్పుడు కొనుక్కొచ్చిన పరికరం కన్నా ఏళ్ల తరబడి సాధన చేసిన చెవే ముందు అక్కరకొస్తుంది.

కొండప్రాంతంలో రేడియోకు మొదటి శత్రువు కొండే. చేతిలో పట్టుకునే వాకీటాకీ పలికే రెండు మీటర్ల బ్యాండ్, అంటే 144 నుంచి 146 మెగాహెర్ట్జ్, దాదాపు చూపు సాగినంత మేరకే సాగుతుంది. లోయలో ఉన్నవాడి మాట ఎదుటి గట్టు దాటదు. శిఖరం మీద మాటను అందుకుని తిరిగి పంపే రిపీటర్ పెడితే దాటుతుంది నిజమే, కానీ భూకంపానికో పిడుగుకో ఆ రిపీటర్ పడిపోతే ఎక్కి బాగుచేసేదెవరు? ఇక్కడే హామ్‌ల నేర్పు చూడాలి. సాధారణంగా ఎవరినడిగినా యాంటెన్నాను ఎంత ఎత్తున కడితే అంత మంచిదంటారు. ఆరితేరిన ఆపరేటరు కొండల్లో దాన్ని కావాలనే కిందికి కడతాడు. ఏడు మెగాహెర్ట్జ్‌కు ఇరవై మీటర్ల రాగితీగ చాలు. దాన్ని నడిమికి కోసి, అటు పది ఇటు పది మీటర్లుగా చాపుతాడు. నైలాను తాడు కొసకు రాయి కట్టి చెట్టుకొమ్మ మీదుగా విసురుతాడు. ప్లాస్టిక్ గొట్టం ముక్కే ఇన్సులేటరు అవుతుంది. తీగ నేలకు మూడు నాలుగు మీటర్ల ఎత్తులో ఉంటే చాలు. అప్పుడు తరంగం అడ్డంగా పోకుండా దాదాపు నిట్టనిలువుగా లేస్తుంది. ఎక్కడో రెండు మూడు వందల కిలోమీటర్ల పైన ఉన్న ఐనోవరణమనే వాతావరణపు పొరకు తగిలి, మూడు నాలుగు వందల కిలోమీటర్ల మేర వానలా కిందికి దిగుతుంది. వానకు కొండ అడ్డమా? పక్క లోయలోనూ పడుతుంది, దాని అవతలి లోయలోనూ పడుతుంది. ఇంత అందమైన ఉపాయం రేడియో విద్యలో మరొకటి లేదు.

తీగ కట్టినంత మాత్రాన పని అయిపోదు. పొద్దు వాలేకొద్దీ ఐనోవరణం పలచబడుతుంది, పగలు పలికిన ఏడు మెగాహెర్ట్జ్ దగ్గరి ఊళ్లకు పలకడం మానేస్తుంది. అప్పుడు మూడున్నర మెగాహెర్ట్జ్‌కు దిగాలి, అంటే తీగ రెట్టింపు కావాలి. చీకటి పడ్డాక వెతుక్కునేవాడు కొత్తవాడు. సాయంత్రమే రెండో తీగ కట్టి సిద్ధంగా ఉంచేవాడు ఆపరేటరు. బ్యాటరీ సంగతీ అంతే. వంద వాట్ల సెట్టు మాట్లాడేటప్పుడు దాదాపు ఇరవై ఆంపియర్లు లాగేస్తుంది, వినేటప్పుడు ఒకటో రెండో. అందుకే తెలిసినవాడు ఎక్కువ వింటాడు, తక్కువ మాట్లాడతాడు, పవరు పది వాట్లకు తగ్గిస్తాడు. పదోవంతుకు తగ్గించినా అవతల సిగ్నల్ మీటరు మీద పడిపోయేది రెండు గీతల లోపే. గొంతు ఇక అందడం లేదనిపిస్తే మోర్స్ కీ మీద వేలు పెడతాడు. మాటకు రెండువేల నాలుగువందల హెర్ట్జ్ వెడల్పు కావాలి, మోర్స్‌కు నూటయాభై చాలు. ఆ సన్నటి సందులోకి రొదా తక్కువే దూరుతుంది. మోర్స్ కాలం చెల్లిందనే మాట ఎవరన్నా ఒప్పుకోను. రొదలో మునిగిన సన్నని బీప్‌ను పట్టి కాగితం మీద అక్షరాలుగా దించే చెవికి సాటివచ్చేది తక్కువ.

కబురు అందించడంలోనూ ఒక సంప్రదాయం ఉంది. బార్‌పాక్ అంటే సరిపోదు, బ్రావో ఆల్ఫా రోమియో పాపా ఆల్ఫా కిలో అని అక్షరం అక్షరం చెప్పాలి. ఫిఫ్టీన్ అంటే ఫిఫ్టీలా వినిపిస్తుంది కాబట్టి వన్ ఫైవ్ అనాలి. అందుకున్నవాడు మొత్తం తిరిగి చదివి వినిపించాలి. పదిహేను దుప్పట్లకూ యాభై దుప్పట్లకూ తేడా హెలికాప్టరు ఎగిరాక తెలిస్తే ఏం లాభం? ఒకే ఫ్రీక్వెన్సీ మీద అందరూ కూడే కూటమిని నెట్ అంటారు. దాన్ని నడిపేవాడు ప్రాణాపాయం కబురును ముందుకు పిలుస్తాడు, క్షేమసమాచారాలను వెనక్కి ఆపుతాడు, మిగతావాళ్లంతా నోరు మూసుకుని వింటారు. ఈ మౌనమే అన్నిటికన్నా కష్టమైన విద్య. నేపాల్‌ను సూచించే 9ఎన్ కాల్‌సైన్‌తో ఒక్కసారి మాట్లాడితే చాలని ఏళ్ల తరబడి కాచుకునేవాళ్లు ప్రపంచమంతా ఉన్నారు. అందుకే 2015లో నేపాల్ స్టేషన్లు పలికే ఫ్రీక్వెన్సీని వదిలేయండని హామ్ సంఘాలు బతిమాలుకోవలసి వచ్చింది. ఆపదలో ఉన్న స్టేషను మీద, మాట్లాడిన గుర్తుగా వచ్చే కార్డుకోసం ఎగబడేవాణ్ని హామ్ అనడానికి నాకు మనసొప్పదు.

ఈ విద్య నేపాల్‌కు చేరింది ఫాదర్ మార్షల్ మోరాన్ అనే జెస్యూట్ గురువు చేతుల మీదుగా. 9ఎన్1ఎంఎం ఆయన కాల్‌సైన్. ఆ చివరి అక్షరాలతో మిక్కీ మౌస్ అని చెప్పుకుని లోకమంతటికీ ఆప్తుడయ్యాడు. 1951లో ఆయన బడి పెట్టిన చోటు పేరు గోదావరి. పేరు మనదే, ఊరు ఖాట్మండు పక్కది. మనకూ గర్వించదగ్గ చరిత్ర ఉంది. హైదరాబాద్‌లో సూరిగారు 1983లో నెలకొల్పిన జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థ నుంచి భారతీ ప్రసాద్ 2004 డిసెంబరులో అండమాన్ వెళ్లారు. ఏళ్లుగా మూగబోయిన ఆ ద్వీపాలను మళ్లీ గాలిలో పలికించాలన్నది ఆమె పట్టుదల. 26న సునామీ వచ్చింది. కార్డుల ఆట ఆగిపోయింది, అదే సెట్టు మీద బాధితుల కబుర్లు మొదలయ్యాయి. అది సముద్రం, ఇది పర్వతం, కానీ విద్య ఒక్కటే.

ఇప్పుడు శాటిలైట్ ఫోన్లున్నాయి కదా, ఇంకా ఈ తీగలెందుకు అంటారు. ఉండనివ్వండి, జిల్లాకు పది ఉండాలి కూడా. కానీ శాటిలైట్ ఫోన్ ఒకరితో ఒకరు మాట్లాడుకునే సాధనం. ఒకడు పలికితే నలభై లోయలు ఒకేసారి వినడం నెట్‌లోనే కుదురుతుంది. ఆ ఫోను ఛార్జింగు, చందా కూడా ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. ఏడాదిపాటు బీరువాలో పడివున్న పరికరం ఆ రోజు పలుకుతుందన్న పూచీ ఏముంది? హామ్ సెట్టు పొద్దున్నే కబుర్లకోసం రోజూ మోగుతుంది కాబట్టి ఆపదవేళ కూడా మోగుతుంది. హామ్‌లు అధికారుల పనికి అడ్డుపడతారన్న ఆరోపణలో కొంత నిజం ఉంది. ఉత్సాహం ఎక్కువై పిలవని చోటికి పరుగెత్తేవాళ్లున్నారు. దానికి మందు మాక్ డ్రిల్లుల్లో వాళ్లకు కుర్చీ వేయడం, గేటు బయట నిలబెట్టడం కాదు.

నాకు అసలు కోపం వచ్చేది నకిలీల మీద. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు దొరికే చైనా వాకీటాకీ కొని, పరీక్షా లేదు, లైసెన్సూ లేదు, నడుముకు తగిలించుకుని ట్రెక్కింగ్ గుంపుల ముందు హామ్‌లమని చెప్పుకునేవాళ్లు బయలుదేరారు. లైసెన్సు వివరాలు చెప్పకుండా వీటిని అమ్ముతున్నందుకు 2025లో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అమ్మకపు సైట్లకు నోటీసులిచ్చింది. ఇచ్చి తీరవలసిందే. అయిదు వాట్ల ఆ బొమ్మ మొదటి మలుపు దాటగానే మూగబోతుంది. దాన్ని నమ్ముకుని లోయలోకి దిగినవాడి గతేమిటి? ఇంటర్నెట్ మీద నడిచే యాప్‌ను రేడియో అని పిలవడం కూడా ఇలాంటి మోసమే. టవరు కూలినరోజు అదీ కూలుతుంది. ఇంకోవైపు నాసిరకం ఎల్‌ఈడీ బల్బులు, ఛార్జర్లు పుట్టించే రొద మన ఊళ్లలో షార్ట్‌వేవ్‌ను ముంచేస్తోంది. బలహీనమైన పిలుపు వినే చెవులున్నా, వినడానికి నిశ్శబ్దం కరువవుతోంది.

పాడేరు, చింతపల్లి కొండల్లో సిగ్నల్ లేని గూడేలు ఈనాటికీ ఉన్నాయి. వాన పడితే ఘాట్ రోడ్డు మీద కొండచరియలు జారుతాయి. అక్కడి నుంచి విశాఖకు వాకీటాకీ మాట చేరదు, ఇరవై మీటర్ల తీగ మీద చేరుతుంది. అక్కడి ఆశ్రమ పాఠశాలల్లో, జూనియర్ కళాశాలల్లో ఒక్కో హామ్ క్లబ్ పెట్టండి. ఉపాధ్యాయుల్లో ఇద్దరికి శిక్షణ ఇప్పించండి. ఒక సెట్టు, ఒక బ్యాటరీ, ఒక సోలార్ పలక ఇవ్వండి. లైసెన్సు పరీక్షకు కూర్చోవడానికి పన్నెండేళ్లు నిండితే చాలు.