డోలునే నమ్ముకున్న రామచంద్రయ్య

మణుగూరులో కుర్రాడు చేతికందొచ్చాడంటే ఇంట్లో వాళ్ల ఆశ సింగరేణి బొగ్గుగనుల ఉద్యోగం మీదే. నెల తిరిగితే జీతం, క్వార్టర్, వైద్యం. ఆ ఆశను తప్పుపట్టలేం. అదే మణుగూరు మండలంలోని కూనవరంలో సకిని రామచంద్రయ్య మాత్రం కోయ ఆదివాసుల డోలునే నమ్ముకున్నారు.

డోలు వాయించడమంటే చేతుల పని ఒక్కటే కాదు. మెడలో బరువైన డోలు, పక్కన కంచుమేళం, ఎదురుగా వంశకథలను బొమ్మలుగా చూపే పడిగె. ఏ గోత్రానికి ఎవరు మూలపురుషుడో, ఏ వేల్పు ఎక్కడ వెలిసిందో కథకుడు తడుముకోకుండా పాడాలి. పాట సాగుతున్నంతసేపూ దరువు తప్పకూడదు. ఇదంతా పెద్దల నోట విని పట్టుకోవాల్సిందే. రామచంద్రయ్య సమ్మక్క సారలమ్మల గాథను కోయభాషలోనూ తెలుగులోనూ పాడేవారు. మేడారం జాతర జనంలో కోయభాష రానివాళ్లే ఎక్కువ కదా, వాళ్లకూ ఆ కథ అందేది. నా దృష్టిలో ఆయన చేసిన పెద్ద మేలు అదే.

2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే మొగిలయ్యకూ ఆ ఏడాదే ఇచ్చారు. 2024 జూన్‌లో రామచంద్రయ్య కన్నుమూశారు.

పురస్కారం కోసం ఎదురుచూస్తూ బతుకంతా డోలు మోసేవారుండరు. ఇష్టం ఉంటేనే మోయగలరు. అలాంటి ఇష్టం మీ ఇంటి పిల్లల్లో కనబడితే దయచేసి అడ్డుపడకండి. ఈసారి మేడారం వెళ్తే డోలు మోగేచోట కాసేపు ఆగండి, కథ పూర్తయ్యేదాకా వినండి.