నీరా చిక్కదనం ఎందుకు తప్పుతుంది?

గుంటూరు యార్డు మిర్చి టిక్కీలతో నిండిపోయే వేసవి నెలలే తాటిచెట్టు గీతకూ అదను. నల్లరేగడి పొలాల గట్ల మీద, బాపట్ల, చీరాల, వేటపాలెం ఇసుక నేలల్లో బారులు తీరిన తాళ్ల నుంచి నీరా దిగేది అప్పుడే. బీరు కాచేవాళ్లు సాంద్రత కొలిచే హైడ్రోమీటరు ముంచి చూసే లెక్కలన్నీ ఈ తీపి నీటికీ వర్తిస్తాయి. కొలత అనుకున్నట్టు రాకపోతే వాళ్లకు వచ్చే చిక్కులే ఇక్కడా వస్తాయి.

లెక్క తేలికైనదే. మంచినీటి సాంద్రత 1.000 అనుకుంటే, సుమారు 12 శాతం చక్కెర ఉన్న తాజా నీరా 1.048 దగ్గర నిలుస్తుంది. ఈస్టు ఆ చక్కెరను తిని ఆల్కహాలుగా, బొగ్గుపులుసు వాయువుగా మార్చేకొద్దీ అంకె దిగుతుంది. 1.048 నుంచి 1.010కి వచ్చిందంటే ఆ తేడాను 131తో గుణిస్తే చాలు, దాదాపు 5 శాతం ఆల్కహాలు ఉన్నట్టు తేలుతుంది. నీరా కల్లయిపోయింది.

ఈ మార్పును ఆపడానికి గీత కార్మికుడు చేసే పనంతా చెట్టు మీదే జరుగుతుంది. మోకు సాయంతో ఎక్కి, గెల కొసను గీత కత్తితో పల్చగా చెక్కి, దాని కింద లొట్టి కడతాడు. చెక్కు మందంగా పడితే గెల తొందరగా తరిగిపోతుంది. గీయడం మానేస్తే కోసిన చోటు ఎండి ధార ఆగిపోతుంది. నీరా కావాలంటే లొట్టి లోపల సున్నం పూయాలి. సున్నపు క్షారంలో ఈస్టు, బాక్టీరియా చురుగ్గా పెరగలేవు. రాత్రి చల్లదనంలో దిగిన రసాన్ని ఎండెక్కకముందే దించేస్తారు. శుభ్రమైన కుండ, సున్నం, చల్లని వేళ: నీరా తీపి నిలవడం ఈ మూడింటి మీదే ఆధారపడి ఉంది.

అయినా అంకె 1.044 చూపించిందనుకుందాం. మొదట అనుమానించాల్సింది ఎండను. చాలా హైడ్రోమీటర్లకు 20 డిగ్రీల దగ్గర గుర్తులు పెడతారు. గుంటూరు వేసవిలో గదిలో ఉంచిన ద్రవమే 35 డిగ్రీలు దాటుతుంది. వేడికి ద్రవం పల్చబడి, హైడ్రోమీటరు ఇంకాస్త మునుగుతుంది. 35 డిగ్రీల దగ్గర ఆ తేడా 0.004. దాన్ని కలిపితే అంకె మళ్లీ 1.048 అవుతుంది. నీరాలో లోపమేమీ లేదు.

ఎండ లెక్క సరిచూశాక కూడా అంకె తక్కువగానే ఉంటే లొట్టిని చూడాలి. సరిగా కడగని పాత కుండ గోడల్లో నిన్నటి ఈస్టు దాగి ఉంటుంది. కొత్త రసం పడుతూనే అది పనిలోకి దిగుతుంది. సున్నం పల్చగా పడినా, దించడం ఆలస్యమైనా ఇంతే. వానకో మంచుకో నీరు చేరినా అంకె తగ్గుతుంది, కానీ అప్పుడు నురగ రాదు, పులుపు వాసన ఉండదు.

అంకె ఎక్కువ చూపడానికి ముఖ్య కారణం నురగ. పొంగుతున్న కల్లులో గాలి బుడగలు గాజుకు అంటుకుని హైడ్రోమీటరును పైకి లేపుతాయి. రెండు గ్లాసుల మధ్య నాలుగైదుసార్లు తిరగబోసి, నురగ అణిగాక ముంచాలి. వేలితో మెల్లగా తిప్పి, నిలకడకు వచ్చాక ద్రవం మట్టానికి కన్ను ఆనించి చదవాలి. గాజును ఎగబాకిన అంచును కాక అసలు మట్టాన్నే లెక్కలోకి తీసుకోవాలి. ఒక్క చుక్కతో చక్కెర చూపే రిఫ్రాక్టోమీటరును కల్లు పులియడం మొదలయ్యాక నేరుగా నమ్మకూడదు. ఆల్కహాలు కాంతిని వంచే తీరు వేరు కాబట్టి అది ఉన్నదానికన్నా ఎక్కువ చక్కెర చూపుతుంది.

నాలుకకూ హైడ్రోమీటరుకూ పొత్తు కుదరకపోతే మరింత జాగ్రత్తపడాలి. నోటికి గాఢమైన తీపి తగిలి, అంకె మాత్రం నీటికి దగ్గరగా ఉంటే శాకరిన్ కలిపారేమోనని అనుమానించాల్సిందే. శాకరిన్ చిటికెడు చాలు తీపికి, సాంద్రతను మాత్రం పెంచదు. కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, అల్ప్రాజోలం వంటి మత్తుమందులు పట్టుబడిన కేసులు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఉన్నాయి. వాటిని పట్టుకోవడం హైడ్రోమీటరు వల్ల కాదు, ప్రయోగశాలకు పంపాల్సిందే.

బెల్లం వండేవాళ్లది ఇంకో చిక్కు. అంకె చక్కగా 1.048 ఉంటుంది, పాకం మాత్రం ఎంత కాచినా గట్టిపడదు. సున్నం చాలని రసంలో సుక్రోజు విరిగి గ్లూకోజు, ఫ్రక్టోజు అవుతుంది. సాంద్రత దాదాపు అలాగే ఉంటుంది కానీ అచ్చు కట్టే గుణం పోతుంది. ఇక్కడ దారి చూపేది పీహెచ్ కాగితం. తాజా నీరా తటస్థంగా, 7 దగ్గర ఉంటుంది, సున్నం పడితే ఇంకా పైకి పోతుంది. పులిసిన కల్లు 4 దాకా దిగుతుంది.

ఆల్కహాలును హైడ్రోమీటరుతో కొలిచి పన్ను వేయడం పాత పద్ధతే. బ్రిటన్ 1816లో సైక్స్ హైడ్రోమీటరుకు చట్టబద్ధత ఇచ్చింది. మన సీసాల మీద కనిపించే ప్రూఫ్ లెక్కకు మూలం అదే. కల్లుకు మాత్రం మద్రాసు ప్రెసిడెన్సీలో చెట్టు పన్ను ఉండేది, చిక్కదనాన్ని ఎవరూ అడగలేదు. అందుకే రసాన్ని తీపిగా నిలిపే గీత కార్మికుడి నేర్పుకు విడిగా ధర కట్టే పద్ధతి ఏర్పడలేదు.

ఇప్పుడు ఆ అవకాశం ఉంది. 2023లో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరుచుకుంది. బాపట్ల, ప్రకాశం తీరంలోనూ గీత సహకార సంఘాలు నీరా కొనే ప్రతిచోటా ఒక హైడ్రోమీటరు, ఒక థర్మామీటరు, కొన్ని పీహెచ్ కాగితాలు ఉంచాలి. దించిన వేళనూ, కొలిచినప్పటి వేడినీ అంకె పక్కనే రాయాలి. ఆ పుస్తకం చూసి ధర కడితే, చెట్టెక్కి సున్నం లొట్టి కట్టినవాడి శ్రద్ధకు తగిన కూలి దక్కుతుంది.