వాళ్లిద్దరికీ అడ్డేమిటి?

విజయవాడ లెనిన్ సెంటర్‌లో పాత పుస్తకాల కొట్టు దగ్గర మొన్న ‘సెక్రటరీ’ నవల దొరికింది. ఒకప్పుడు అద్దె లైబ్రరీలో తిరిగిన ప్రతి. అట్ట ఊడిపోకుండా దారంతో కుట్టారు. నాయిక జయంతి, నాయకుడు రాజశేఖరానికి ఎదురుచెప్పే చోట ఎవరో పెన్సిల్‌తో ‘ఇంత పొగరా!’ అని రాశారు. కిందే ఇంకొకరి చేతిరాత: ‘పొగరు కాదు, అభిమానం.’

ప్రేమ నవలల మీద సమీక్షలు రాస్తూ పదిహేనేళ్లయింది. ఆ రెండు ముక్కలకీ నేనెంత ముచ్చటపడ్డానో చెప్పలేను. మనవైపు సమీక్ష అంటే కథంతా చెప్పేసి, అచ్చుతప్పులు ఎత్తిచూపి, అభినందనలతో ముగించడం. ప్రేమ నవలకి ఆ మర్యాద కూడా దక్కదు, ‘కాలక్షేపం’ అని తోసేస్తారు. మొవ్వ దగ్గర కాజలో పుట్టిన యద్దనపూడి సులోచనారాణి 1960లలో రాసిన ఈ నవలని మా పిన్ని, పక్కింటావిడ వంతులేసుకుని చదివారు. ఎందుకు చదివారో అడక్కుండానే తోసేయడం అన్యాయం.

నూజివీడులో పుట్టిన మాలతీ చందూర్ స్వాతి మాసపత్రికలో ‘పాత కెరటాలు’ పేరుతో ఇంగ్లిషు నవలల్ని పరిచయం చేసేవారు. ఆమె కథ చెప్పారంటే అర్థముంది. ఆ పుస్తకాలు మన ఊళ్లలో ఎంతమందికి దొరుకుతాయి? ఇవాళ నవల పాఠకుల చేతిలోనే ఉంది. కథ చెప్పడం నా పని కాదు.

నేను ముందు వెతికేది ఒకటే. వాళ్లిద్దరికీ అడ్డేమిటి? ‘ఏకవీర’లో కుట్టాన్ మనసిచ్చిన మీనాక్షి వీరభూపతి ఇల్లాలైంది, వీరభూపతి వలచిన ఏకవీర కుట్టాన్ ఇల్లాలైంది. మగవాళ్లిద్దరూ ప్రాణస్నేహితులు. మధుర నాయకుల కాలంలో ఆ ముడి విప్పే దారి లేదు. విశ్వనాథ సత్యనారాయణ ఆ అడ్డుని ఆ కాలంలోంచే తెచ్చారు. ఇవాళ్టి మనుషులకే కత్తి, కిరీటం తగిలించి, కాలం మార్చినా కథ నడిచిపోయేలా రాస్తే దాన్ని చరిత్ర నవల అననివ్వను.

అలౌకిక ప్రేమకథలైతే 2005లో వచ్చిన ‘ట్విలైట్’తోనే పుట్టాయనుకుంటారు మన కుర్రకారు. అందులో ప్రేమించినవాడు రక్తం తాగే జాతివాడు. అంతకు చాలా ముందే అడివి బాపిరాజు ‘హిమబిందు’లో, కృష్ణకి ఆ ఒడ్డున ధాన్యకటకం కథలో, విషబాలని సృష్టించారు. యువరాజుని చంపడానికి విషమిచ్చి పెంచిన పిల్ల అతన్నే ప్రేమిస్తుంది. ముట్టుకుంటే చావు. ప్రేమకి అంతకన్నా పెద్ద అడ్డు ఏముంటుంది? దెయ్యమో పిశాచమో ఉంటే చాలదు, ఆ శక్తే ఇద్దరి మధ్యా గోడ కావాలి. వర్ణనలు, భాష వగైరా ఆ తర్వాత చూస్తాను.

సాంఘిక నవల దగ్గరే నేను కఠినంగా ఉంటాను. ఒక్క మాట అడిగితే తీరిపోయే అపార్థాన్ని మూడొందల పేజీలు సాగదీస్తే క్షమించను. ‘సెక్రటరీ’ మీద కూడా ఆ ఫిర్యాదే ఒక పేరా రాసిపెట్టుకుని, పుస్తకాన్ని మా పిన్నికి పంపాను. ఆవిడకి ఎనభై దాటాయి. రెండు రోజుల్లో చదివేసి ఫోన్ చేసింది.

“జయంతి అతన్ని సూటిగా అడిగేస్తే పోయేది కదా పిన్నీ?” అన్నాను.

కాసేపు మాట్లాడలేదు. “అప్పట్లో మాలో ఎవరం అడిగామే?” అంది.

రాసిపెట్టుకున్న పేరా కొట్టేశాను.